గేటు, శంకువు, కరక్కాయ: తరగతి పిల్లలతో చేతులారా చేయించే ప్రాజెక్టులు

సైన్స్ ఫెయిర్ తేదీ ఖరారైందనగానే మన పాఠశాలల్లో మొదట కనిపించే వస్తువు థర్మోకోల్ అట్ట. దాని మీద ఒక అగ్నిపర్వతం లేస్తుంది, వంటసోడాలో వెనిగర్ పోస్తే నురగ పొంగుతుంది, పక్కనే నిలబడిన పిల్లవాడు ఇంట్లో పెద్దలు రాసిపెట్టిన నాలుగు వాక్యాలు అప్పజెబుతాడు. నురగ పొంగుతుందని చూసేవారికీ చేసేవాడికీ ముందే తెలుసు కాబట్టి అక్కడ కనుక్కోవలసింది ఏమీ మిగలదు. ప్రాజెక్టు అనిపించుకోవాలంటే పని మొదలుపెట్టేనాటికి పిల్లలకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి ఉండాలి, ఆ జవాబును పుస్తకం కాకుండా చేతిలో ఉన్న వస్తువే చెప్పాలి. ఆ కొలబద్దతో ఎంచిన కొన్ని పనులను, విజయవాడ, గుంటూరు పరిసరాల్లో సులువుగా దొరికే సరుకుతో 6 నుంచి 9వ తరగతి వరకు చేయించే విధంగా ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా తరగతి ఏర్పాటు సంగతి. నలభై మంది ఉన్న గదిలో ఒకే నమూనా చేసి బల్ల మీద పెడితే ముందు వరుస పిల్లలే దాన్ని ముట్టుకుంటారు. అయిదుగురు చొప్పున ఎనిమిది జట్లు చేసి, ప్రతి జట్టుకూ సొంత సరుకు ఇవ్వడం మేలు. అందుకే ఖరీదైన కిట్లకు బదులు పారేసే వస్తువులను వాడాలి. జట్టులో కోసేవారు, అతికించేవారు, కొలిచేవారు, రాసేవారు, సరుకు చూసుకునేవారు అని అయిదు బాధ్యతలు పెట్టి, ప్రతి తరగతికీ వాటిని మార్చాలి. మార్చకపోతే మొదటి రోజు నుంచే పనిముట్లు మగపిల్లల చేతుల్లోకి, నోట్‌బుక్కు ఆడపిల్లల చేతుల్లోకి వెళ్లి అక్కడే స్థిరపడిపోవడం దాదాపు ప్రతి పాఠశాలలోనూ కనిపించే విషయమే. ఒక పీరియడ్ దేనికీ చాలదు. టైంటేబుల్ చూసే ఉపాధ్యాయునితో మాట్లాడి వారానికి ఒక రోజు వరుసగా రెండు పీరియడ్లు తీసుకోవాలి. బ్లేడు, గ్లూ గన్, సున్నం, పొయ్యి మాత్రం ఉపాధ్యాయుని బల్ల దాటి వెళ్లకూడదు.

బ్యారేజీ గేటు

ఈ ప్రాంతపు పిల్లలకు ప్రకాశం బ్యారేజీని పరిచయం చేయవలసిన అవసరం లేదు. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య కృష్ణ మీద 1855 నాటికి కట్టిన ఆనకట్ట స్థానంలో 1957లో ఈ బ్యారేజీ పూర్తయిందనీ, దీనికి 70 గేట్లు ఉన్నాయనీ చాలామందికి తెలుసు. తెలియనిది గేటు ఎలా లేస్తుందన్నది. 2024 సెప్టెంబరు వరదలో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఢీకొట్టినప్పుడు కౌంటర్‌వెయిట్లు, అంటే ఎదురుబరువులు, దెబ్బతిన్నాయన్న వార్త అందరూ విన్నారు గాని, కౌంటర్‌వెయిట్ అక్కడ ఎందుకు ఉందో చెప్పమంటే పెద్దలు కూడా తడుముకుంటారు. ఈ ప్రాజెక్టు ప్రశ్న అదే: నీళ్లు నిండిన గేటును ఎత్తడానికి ఎంత బలం కావాలి, ఆ బలాన్ని ఎలా తగ్గించాలి?

జట్టుకు కావలసినవి: సుమారు 35 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, ఫ్లెక్సీ దుకాణాల్లో కత్తిరింపులుగా మిగిలే సన్‌బోర్డు (ప్లాస్టిక్ నురగ పలక) ముక్కలు, నేమ్‌ప్లేట్లు చేసేవారి దగ్గర దొరికే యాక్రిలిక్ ముక్క ఒకటి, పాత సైకిల్ ట్యూబు, ఖాళీ దారపు రీలు, పెన్సిలు, గట్టి దారం, మాత్రల సీసా, ఇసుక, 500 గ్రాముల స్ప్రింగ్ త్రాసు. స్ప్రింగ్ త్రాసు ప్రయోగశాలలో ఒకటే ఉంటే జట్లు వంతులవారీగా వాడుకోవచ్చు.

డబ్బా మధ్యలో అడ్డుగోడగా సరిపోయేటట్లు సన్‌బోర్డు కోసి, దాని అడుగు భాగంలో 8 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తున్న ద్వారం తీయాలి. ద్వారానికి రెండు వైపులా సన్నని పట్టీలు రెండేసి అతికిస్తే గేటు జారే గాడి తయారవుతుంది. గాడిని నీళ్లు నిలిచే వైపుకే పెట్టాలి. అప్పుడు నీటి తోపుడు గేటును గోడకు అదిమిపెడుతుంది, కారడం తగ్గుతుంది. ఒకటి రెండు జట్లను కావాలనే రెండో వైపు పెట్టనిస్తే తేడా వాళ్లకే కనిపిస్తుంది. గోడ అంచులను గ్లూ గన్‌తో మూసి, ద్వారం చుట్టూ సైకిల్ ట్యూబు నుంచి కోసిన పట్టీని అతికించాలి. అప్పటికీ కొంత కారుతుంది. కారడాన్ని పూర్తిగా ఆపే ప్రయత్నంలో రెండు పీరియడ్లూ గడిచిపోకుండా చూసుకోండి; కారిన నీటిని మగ్గుతో తిరిగి పోస్తూ మట్టం నిలబెడితే సరిపోతుంది.

గేటును కూడా సన్‌బోర్డుతోనే చేస్తామని పిల్లలు అంటారు. చేయనివ్వండి. డబ్బాలో నీళ్లు పోస్తుండగానే ఆ గేటు అడుగున ఆనకుండా పైకి తేలి, కింద సందు వదిలేస్తుంది; సన్‌బోర్డు నీటి కంటే తేలికన్న సంగతి అప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ తరువాత 10 సెంటీమీటర్ల వెడల్పు, 13 సెంటీమీటర్ల ఎత్తున్న యాక్రిలిక్ ముక్క ఇస్తే దాని విలువ తెలుస్తుంది.

గేటు పైఅంచుకు రంధ్రం చేసి దారం కట్టి స్ప్రింగ్ త్రాసుకు తగిలించి, డబ్బాలో నీళ్లు లేనప్పుడు, తరువాత 4, 6, 8, 10 సెంటీమీటర్ల మట్టంలో, గేటు కదలడం మొదలైన క్షణాన త్రాసు ఎంత చూపిందో రాసుకోవాలి. ప్రతి మట్టానికీ మూడేసి సార్లు తీసి సగటు వేయాలి. గ్రాఫు గీస్తే గీత తిన్నగా పోదు, పైకి వంగుతుంది. నీరు గేటును ముందుకు తోసే బలం లోతుతో పాటు పెరగడమే కాక, లోతు పెరిగిన కొద్దీ తడిసే వైశాల్యం కూడా పెరుగుతుంది కాబట్టి లోతు రెట్టింపైతే మొత్తం తోపుడు నాలుగు రెట్లవుతుంది. 8 సెంటీమీటర్ల వెడల్పున్న ద్వారం మీద 5 సెంటీమీటర్ల నీరు నిలిస్తే ఆ తోపుడు సుమారు 100 గ్రాముల బరువుతో సమానం. 10 సెంటీమీటర్లు నిలిస్తే సుమారు 400 గ్రాములు. త్రాసు చూపేది ఈ మొత్తాన్ని కాదు, దీనివల్ల గాడిలో పుట్టే ఘర్షణనూ గేటు బరువునూ కలిపి అన్న మాట ఇక్కడ విడమరచి చెప్పాలి. ఎనిమిదో తరగతి వారికి ఘర్షణ, పీడనం రెండూ పాఠ్యాంశాలే కాబట్టి ఆ రెండు పాఠాలు ఒకే డబ్బాలో కలుస్తాయి.

ఇక కౌంటర్‌వెయిట్. గోడకు పైన రెండు నిలువు పట్టీలు నిలబెట్టి, వాటి మధ్య పెన్సిలును ఇరుసుగా పెట్టి, దానికి దారపు రీలును కప్పీగా ఎక్కించాలి. గేటు దారాన్ని కప్పీ మీదుగా తీసి రెండో కొనకు మాత్రల సీసా కట్టి, చెంచాతో ఇసుక వేస్తూ పోవాలి. పొడి డబ్బాలో గేటు దాదాపు తేలిపోయినట్లు నిలిచే వరకు ఇసుక వేసి, మళ్లీ నీళ్లు పోసి త్రాసుతో కొలిస్తే, చేతికి మిగిలే పని ఘర్షణను జయించడం ఒక్కటే అని అంకెల్లో తేలుతుంది. అప్పుడు ఒక ప్రశ్న వేయండి: ఇసుక ఇంకా పోసి గేటు తనంతట తానే లేచేటట్లు చేయవచ్చు కదా, బ్యారేజీ కట్టినవారు ఎందుకు అలా చేయలేదు? సీసా బరువెక్కితే గేటు తెరుచుకుంటుంది గాని మూయడానికి కిందికి నొక్కవలసి వస్తుందని ప్రయత్నించి చూసినవారికి అర్థమవుతుంది. ఆఖరి మెరుగుదలగా, గాడిలో బాల్‌పెన్ రీఫిల్ ముక్కలను సన్నని తీగకు గుచ్చి చక్రాలుగా అమర్చమనాలి. ఎనిమిది జట్లలో అతి తక్కువ బలంతో ఎవరి గేటు లేచిందన్నది పోటీగా పెట్టవచ్చు, ఎందుకంటే ఇందులో గెలుపును నిర్ణయించేది త్రాసు.

లెక్కల ఉపాధ్యాయులకు ఇక్కడ మంచి అవకాశం ఉంది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ నుంచి గరిష్ఠంగా 11.43 లక్షల క్యూసెక్కులు విడిచారు. బ్యారేజీ పూర్తి నిల్వ 3.07 టీఎంసీలు. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. భాగహారం చేస్తే ఆ వేగంలో నిల్వ మొత్తం సుమారు 45 నిమిషాల్లో వెళ్లిపోతుంది. వరదను బ్యారేజీలో ఎందుకు ఆపుకోలేదు అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు. విజయవాడ తరగతుల్లో ఈ లెక్క చేయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: సింగ్‌నగర్ పరిసరాలు మునిగింది బుడమేరు గండ్ల వల్ల, బ్యారేజీ వల్ల కాదు. పిల్లలు రెండింటినీ కలిపేస్తారు. ఆ నీళ్లలో ఇల్లు మునిగిన పిల్లలు ఆ తరగతిలోనే కూర్చుని ఉండవచ్చు. వాళ్లు చెప్పదలచుకుంటే వినాలి, అడిగి చెప్పించకూడదు.

శంకువు నీడ

శంకువు అంటే ఇక్కడ నీడ కొలవడానికి నిటారుగా నిలబెట్టే కర్ర. దీనికి ఖర్చు దాదాపు లేదు, ఓపిక మాత్రం కావాలి. ప్రార్థన జరిగే ఆవరణలో నీడ పడని చదునైన సిమెంటు నేలను ఎంచుకుని, రసమట్టంతో సమతలం చూసుకుని, సరిగ్గా ఒక మీటరు ఎత్తుండే కర్రను బకెట్టు ఇసుకలో నిలబెట్టాలి. బకెట్టు ఎత్తు కూడా ఆ మీటరులో కలిసే ఉండాలి. కర్ర నిలువుగా ఉందో లేదో దారానికి కట్టిన గుండుతో రెండు వైపుల నుంచి సరిచూడాలి. కర్ర కొన నీడ అంచు మసకగా ఉండి ఎక్కడ కొలవాలో తెలియదు, ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. కొనకు ఒక అట్టముక్కను అతికించి, దాని మధ్యలో, సరిగ్గా మీటరు ఎత్తున చిన్న చిల్లు పెడితే అట్ట నీడ నడుమ ఒక వెలుగు మచ్చ పడుతుంది. ఆ మచ్చ నడిమి బిందువును కొలిస్తే తగాదా ఉండదు.

చిల్లుకు సరిగ్గా కింద నేల మీద ఉండే బిందువును గుండుతో గుర్తించి, దాని చుట్టూ సుద్దముక్కతో వలయం గీయాలి. ఉదయం నీడ పొడుగ్గా ఉండి, క్రమంగా కుదించుకుంటూ వలయాన్ని ఒకచోట దాటి లోపలికి వస్తుంది. మధ్యాహ్నం తరువాత పెరుగుతూ మరోచోట దాటి బయటికి పోతుంది. ఆ రెండు చోట్లను కలిపే గీత తూర్పు పడమరలు. మన పూర్వులు శంకువు నీడతో దిక్కులు సాధించిన పద్ధతి ఇదే. ఫోనులోని దిక్సూచిని దీని పక్కన పెట్టి పోల్చమంటే, ఇనుప కడ్డీలున్న సిమెంటు నేల దగ్గర ఫోను సూది ఎంత తడబడుతుందో కూడా తెలుస్తుంది. వలయం వ్యాసార్ధం ఆనాటి కనిష్ఠ నీడ కంటే ఎక్కువ ఉండాలి. నవంబరు మొదట్లో కనిష్ఠ నీడ సుమారు 60 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి 80 సెంటీమీటర్ల వలయం సరిపోతుంది, డిసెంబరులో మీటరు కావాలి.

విజయవాడ అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు, గుంటూరుది దాదాపు 16.3. దాన్ని బట్టి విజయవాడలో మీటరు కర్ర మధ్యాహ్నపు నీడ మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో దాదాపు 30 సెంటీమీటర్లు, డిసెంబరు 21న దాదాపు 84 సెంటీమీటర్లు ఉత్తరం వైపు పడుతుంది. జూన్ 21న మాత్రం 12 సెంటీమీటర్ల నీడ దక్షిణం వైపు పడుతుంది. మబ్బు లేకపోతే బడి తెరిచిన కొత్తలో దీన్ని తప్పక చూపించాలి, ఎందుకంటే మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని పిల్లలు గట్టిగా నమ్ముతారు. నీడ ఉత్తరం నుంచి దక్షిణానికి మారే నడుమ, మే మొదటి వారంలో ఒక రోజు, తిరిగి వచ్చేటప్పుడు ఆగస్టు మొదటి వారంలో మరో రోజు, మధ్యాహ్నం నిలువు కర్రకు నీడే ఉండదు. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. అయినా ఆగస్టు మొదటి వారంలో రోజూ మధ్యాహ్నం కర్ర దగ్గర ఇద్దరిని కాపలా పెడితే ఎండ ఒకరోజైనా దొరకవచ్చు.

ఇక్కడ మధ్యాహ్నం అంటే గడియారంలో పన్నెండు కాదు. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. విజయవాడ దానికి పడమరగా 80.6 డిగ్రీల దగ్గర ఉంది, ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు ఇక్కడ ఏడు నిమిషాలు పైగా ఆలస్యంగా నడినెత్తికి చేరతాడు. దానికి తోడు భూమి కక్ష్య, వాలు వల్ల ఏడాది పొడవునా హెచ్చుతగ్గులు వస్తాయి. నవంబరు మొదట్లో 11.51కే మధ్యాహ్నమవుతుంది, ఫిబ్రవరి రెండో వారంలో 12.21 దాటుతుంది. కనుక 11.40 నుంచి 12.30 వరకు అయిదు నిమిషాలకొకసారి నీడ కొలిపించి, అతి చిన్న నీడను పిల్లలే వెతికి పట్టుకోవాలి.

ఈ పనిలో అసలు ఫలం మరో ఊరి పాఠశాలతో కలిసినప్పుడు దక్కుతుంది. తిరుపతిలో తెలిసిన ఉపాధ్యాయుడు ఉంటే ఒకే రోజు, ఎవరి ఊరి మధ్యాహ్నానికి వారు, మీటరు కర్ర నీడ కొలవండి. డిసెంబరు 21న ఇక్కడ 84 వస్తే అక్కడ 76కు కొంచెం తక్కువగా రావాలి. నీడ పొడవును కర్ర ఎత్తుతో భాగించి టాంజెంటు పట్టికలో కోణం చూస్తే ఇక్కడ దాదాపు 40 డిగ్రీలు, అక్కడ 37 డిగ్రీలు వస్తాయి. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరాన్ని పటం మీద కొలిస్తే సుమారు 318 కిలోమీటర్లు; రోడ్డు దూరం వాడకూడదు, ఏటవాలు దూరమూ వాడకూడదు. 360ని కోణాల తేడాతో భాగించి ఆ దూరంతో గుణిస్తే భూమి చుట్టుకొలత. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసినది ఇదే తర్కం. నీడ కొలతలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే కోణంలో మూడోవంతు డిగ్రీ, చుట్టుకొలతలో పదో వంతుకు పైగా తప్పు వస్తుందని చెప్పి, పిల్లలు తెచ్చిన జవాబు 36 వేలైనా 44 వేలైనా దాన్ని దిద్దకుండా బోర్డు మీద రాయండి. అసలు విలువ సుమారు 40 వేల కిలోమీటర్లు. తొమ్మిదో తరగతిలోపు వారికి టాంజెంటు రాదు కాబట్టి కర్రను, నీడను పదో వంతుకు తగ్గించి కాగితం మీద లంబకోణ త్రిభుజం గీయించి కోణమానినితో కొలిపిస్తే చాలు.

పసుపు, కరక్కాయ, ఇనుము

చిత్రకళ పీరియడ్‌నూ రసాయనశాస్త్రాన్నీ కలపడానికి ఈ జిల్లాలకంటే అనువైన చోటు అరుదు. దుగ్గిరాల పసుపు, పెడన కలంకారీ రెండూ చేతికి అందే దూరంలో ఉన్నాయి.

చిన్న తరగతులకు పసుపు చాలు. పసుపు నీటిలో సరిగా కరగదు. సర్జికల్ స్పిరిట్‌లో కలిపి వడగడితే చిక్కని రంగు దిగుతుంది. దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, ఆ రంగును డ్రాయింగ్ కాగితానికి పూసి ఆరబెట్టాలి. సబ్బునీళ్లలో ముంచిన కుంచెతో దాని మీద గీస్తే ఎర్రని గీతలు లేస్తాయి, నిమ్మరసంతో తుడిస్తే మళ్లీ పసుపవుతాయి. పెళ్లిళ్లలో కాళ్లకు పెట్టే పారాణి ఎరుపు కూడా పసుపులో సున్నం కలిపినందువల్ల వచ్చినదేనని చెబితే ఇంటికి వెళ్లి అమ్మమ్మను అడుగుతారు. తరగతిలో సున్నం మాత్రం వాడవద్దు, కంట్లో పడితే ప్రమాదం. తరువాత ఎవరి పెరటి పూలు వారు తెచ్చి, వేడినీళ్లలో నానబెట్టి, నిమ్మరసానికీ వంటసోడాకూ ఏ పువ్వు రంగు మారుతుందో పట్టిక వేయాలి. మందారం, శంఖుపుష్పం బాగా మారతాయి, బంతి పెద్దగా మారదు. మిగతా పూల సంగతి చేసినవారికే తెలుస్తుంది.

పై తరగతులకు నలుపు అద్దకం. లీటరు నీటిలో 100 గ్రాముల బెల్లం, రెండు గుప్పిళ్ల తుప్పు మేకులు లేదా ఇనుప రజను వేసి, కుండకు గుడ్డ మూత కట్టి రెండు మూడు వారాలు పులియనిస్తే ఇనుప నీళ్లు తయారవుతాయి. ఆటోనగర్ లేత్ మిషన్ల కింద రజను ఊరికే దొరుకుతుంది గాని నూనె జిడ్డుతో ఉంటుంది, పైగా అంచులు కోసుకుంటాయి. తొడుగులు వేసుకుని పెద్దలే సబ్బుతో కడిగి వాడాలి. బిరడా బిగించిన సీసాలో పెట్టకూడదు, లోపల వాయువు చేరి పగులుతుంది. నూలు గుడ్డను ఉడకబెట్టి గంజి వదిలించి, లీటరుకు 50 గ్రాముల కరక్కాయ పొడి రాత్రంతా నానిన నీటిలో అరగంట ముంచి, నీడన ఆరబెట్టాలి. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసినప్పుడు నలుపు పుడుతుంది. పూర్వం రాతకు వాడిన నల్లసిరాల్లో కొన్ని ఈ జోడీ మీద ఆధారపడినవే.

ప్రతి జట్టూ నాలుగు గుడ్డ పేలికలు సిద్ధం చేయాలి: కరక్కాయ పట్టనిది, కరక్కాయ ఒక్కటే పట్టినది, కరక్కాయ నీటిలో పాలు కలిపి పట్టినది, కరక్కాయ రెండుసార్లు పట్టినది. నాలుగింటి మీదా ఒకే ఇనుప నీళ్లతో ఒకే కుంచెతో గీత గీయాలి. మొదటిదాని మీద వెలిసిపోయిన తుప్పు మరక, రెండోదాని మీద చూస్తుండగానే ముదిరే నలుపు. పాలు పట్టిన గుడ్డ మీద గీత అంచు పాకకుండా నిలబడుతుందో లేదో భూతద్దంతో చూడమనండి. శ్రీకాళహస్తిలో కలంతో గీసేవారు గేదెపాలు కలిపేది ఆ పాకుడు ఆపడానికే. ఒకసారికి ఒక్క అంశమే మార్చాలి అన్న సూత్రాన్ని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కనివారికి ఈ పేలికలు చూస్తే ఎక్కుతుంది.

అచ్చు వేయడానికి పెడనలో చెక్క దిమ్మెలు వాడతారు; తరగతిలో పాత హవాయి చెప్పు అట్టను కోసి చెక్కముక్కకు అతికిస్తే సరిపోతుంది. డిజైనుగా అమరావతి స్తూపపు రాతి పలకల మీది పద్మాన్ని తీసుకోవాలని నా సూచన. వృత్తలేఖినితో వలయం గీసి, అదే వ్యాసార్ధంతో చుట్టూ ఆరు బిందువులు, వాటి మధ్య మరో ఆరు గుర్తించాలి. పన్నెండు రేకులూ చెక్కనక్కరలేదు, ఒక్క రేకునే దిమ్మెగా చెక్కి 30 డిగ్రీల చొప్పున తిప్పుతూ పన్నెండుసార్లు అద్దితే పద్మం విరుస్తుంది. ఇనుప నీళ్లు పల్చగా ఉండి దిమ్మెకు నిలవవు. చింతగింజల జిగురు కొంచెం కలిపి చిక్కబరచాలి. బట్టలకు అంటితే పోదు కాబట్టి ఆ రోజు యూనిఫారం మీద పాత చొక్కా వేసుకురమ్మని ముందే చెప్పడం మంచిది.

చింతగింజల మక్కు

ఆ జిగురుతోనే మరో చిన్న పని. కొండపల్లి బొమ్మలను తెల్లపొణికి చెక్కతో చేసి, విడి భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తెల్లపొణికి కళాకారులకే కష్టంగా దొరుకుతోంది, దాన్ని తరగతికి తెప్పించవద్దు. ఐస్‌క్రీం పుల్లలు వాడండి. గింజలను వేయించి పొట్టు తీసి పొడి కొట్టించి, నీళ్లలో ఉడికించి జిగురు చేయాలి. చింతగింజల జిగురు, దానికే పొట్టు కలిపిన మక్కు, మైదా జిగురు, బజారులో కొన్న తెల్ల జిగురు, ఈ నాలుగింటితో రెండేసి పుల్లలను రెండు సెంటీమీటర్ల మేర ఒకదానిపై ఒకటి అతికించి రెండు రోజులు ఆరనివ్వాలి. ఒక కొనను బల్లకు బిగించి రెండో కొనకు ఖాళీ సీసా వేలాడదీసి, కొలగ్లాసుతో నీళ్లు పోస్తూ ఎక్కడ ఊడుతుందో చూడాలి. ఒక మిల్లీలీటరు ఒక గ్రాము కాబట్టి తూనికరాళ్లు అక్కరలేదు. ఆరిన కీలును తరువాత నీళ్లలో అరగంట నానబెట్టి మళ్లీ పరీక్షిస్తే, కొండపల్లి బొమ్మకు పైన సుద్ద పూత, రంగు ఎందుకు అవసరమో చర్చకు వస్తుంది.

మార్కుల విషయంలో నా అభిప్రాయం ఒకటి. నమూనా అందానికి ఏమీ ఇవ్వకుండా, సగం మార్కులు నోట్‌బుక్కులోని కొలతలకూ, మిగతా సగం మొదటి ప్రయత్నం తరువాత ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నదానికీ ఇవ్వాలి. కొట్టివేతలున్న పేజీని తిరగరాయమని అడగకూడదు. ప్రదర్శన రోజున కూడా చార్టు అప్పజెప్పించే బదులు, వచ్చినవారి చేతికి త్రాసు ఇచ్చి గేటును లాగమనాలి.

ఏడాదిలో వరుస ఇలా పెట్టుకోవచ్చు: జూన్‌లో దక్షిణపు నీడ, ఆగస్టు మొదటి వారంలో నీడ లేని మధ్యాహ్నం, దసరా సెలవులకు ముందు గేటు, నవంబరులో మక్కు, డిసెంబరు 21న తిరుపతితో కొలత, సంక్రాంతి సెలవుల తరువాత అద్దకం. ఆ అద్దకానికి ఇనుము, బెల్లం కుండను సెలవులు ఇచ్చే ముందే ప్రయోగశాల కిటికీ బయట పెట్టి, దాని మీద పేరు, తేదీ, తాగరాదన్న హెచ్చరిక రాసి, వాచ్‌మన్‌కు కూడా ఒక మాట చెప్పి వెళ్లండి; వాసన చూసి పాడైందనుకుని పారబోసే అవకాశం ఉంది.